ఎడమ నుంచి మూడోవాడు

పొద్దున ఎనిమిదికి తాళం తీస్త.
స్కూలు బస్సు తొమ్మిదిన్నరకు.
ఆ నడుమ సూర్యకుటుంబం మొత్తం
నా చీపురు కిందనే ఉంటది.
శనిగ్రహం వలయం మీద బల్లి గుడ్డు,
తీసి కిటికీల పెట్టిన.
గురుడి బల్బు పోయి నెల,
రాసిచ్చిన కాగితం పట్నం పోయి తిరిగి రాలే.

మొదటి గదిల బండ ఉంది, సిమెంటుతోని చేసింది.
అసలుది కృష్ణ ఒడ్డున, ముడుమాల్ చేలల్ల,
నిలువురాళ్ల నడుమ ఉన్నదట.
దాని మీద గుంటలు, బొటనవేలు పట్టేటంత.
కలిపి చూస్తే సప్తర్షులు అని బోర్డు.
నేనైతే పోరగాండ్లకు వేరేగ చెప్త:
నిద్రపట్టని ఒకామె మలిచింది,
ముసలవ్వ మంచం, నాలుగు కోళ్లు,
ఎత్కపోనీకె వచ్చిన ముగ్గురు దొంగలు.
సారు విన్నరు ఒకసారి.
ఏమనలే.

రెండో గది నీళ్లది.
ఏడు సీసాలల్ల ఏడు ఊర్ల బోరు నీళ్లు,
అన్నీ తేటగనే. అదే మోసం.
గోడకు లైటు డబ్బా, దాని మీద ఎక్స్‌రే,
వెన్నుపూసలు ఒకదానికొకటి అతుక్కొని
గచ్చు పోసినట్టు.
కింద చీటీ: నమూనా 14, పురుషుడు, 31 ఏండ్లు, మర్రిగూడ.
పండ్లకు గార పట్టిన పిల్లలు
ఈ గదిల నవ్వరు.
పెదవులు మూసుకొని పూసలు లెక్కపెడ్తరు.

నమూనా 14 మా అన్న జంగయ్య.
నౌకరి పాలమూరుల దొరికినప్పుడు ఎంట తెచ్చుకున్న.
మెడ ఎత్తరాదు, ఎల్లెలకల పండరాదు.
పక్కకు తిప్పి పండుకోబెడ్తే
సగం ఆకాశం కనబడ్తది.
మిగిలిన సగం నేను చెప్త.

మూడో గదిల ఎవ్వరూ ఎక్కువసేపు ఆగరు.
ఒక ఫోటో, ఒక బల్లెం, ఒక ఇత్తడి రికాబు.
వనపర్తి సంస్థానం గుర్రపు దళం.
పన్నెండు మంది నల్లటి మనుషులు, తలపాగలు,
సముద్రం అవతలి నుంచి తేబడ్డోళ్ల పిల్లలు.
ఒక్క గుర్రం పేరు రాసి ఉంది, తూఫాన్ అని.
మనుషులవి లేవు.

మొన్న బేస్తారం నాడు
ఒక పెద్దాయన వచ్చిండు, మనుమరాలి చెయ్యి పట్టుకొని.
పేరు మబ్రూక్. ఉండేది ఏసీ గార్డ్స్.
పెండ్లిండ్లల్ల మర్ఫా కొట్టేవాడినన్నడు,
ఏళ్ల కొసలు చూస్తేనే తెలిసింది.
ఒకటిన్నర టికెట్టు కొని
రెండు గదులు ఆగకుంట దాటి
ఫోటో ముంగట నిలబడ్డడు.
నేను పోయి ఫ్యాను వేసిన.
చాన సేపటికి అన్నడు:
"ఎడమ నుంచి మూడోవాడు.
మా తాతకు నాయన, మర్జాన్."
ఎట్ల గుర్తువట్టినవంటే మాట్లాడలే,
పిల్ల జుట్టు పక్కకు జరిపి చెవి చూపెట్టిండు.
తమ్మె మీద మడత.
ఫోటోల గదే మడత.
"గుర్రానికి పేరున్నది," అని నవ్విండు.
కోపం లేదు. అలవాటున్నట్టుంది.

పిల్ల మల్ల రెండో గదిలకు ఉరికింది.
"ఈయన పేరేంది?"
"పద్నాలుగు" అన్న.
అననీకె నోరెట్లొచ్చిందో.

పెద్దాయన నీళ్లడిగిండు.
క్యానుల నుంచి వంచిన, సీసాల దిక్కు చూసి జంకిండు.
"బోరుది కాదు తాతా, కృష్ణది. తాగు."
రెండు గ్లాసులు తాగిండు.

వాళ్లు పోయినంక టికెట్టు ఎనుక రాసిన: మర్జాన్.
సద్దిల మిగిలిన మెతుకుతోని అంటించిన.
రెండో టికెట్టు చేతులనే ఉండిపోయింది.
అడగకుంట ఎట్ల?

ఇంటికొచ్చి అడిగిన.
అన్న ఆలోచించిండు.
"రాయి. ఇంటిపేరు సక్కగ రాయి,
పింఛను కార్డుల తప్పు వడ్డది.
ముప్పై ఒకటి కాదు, ఇప్పుడు ముప్పై ఆరు."

సోమవారం సారొచ్చి పీకేస్తడేమో.
మెతుకు ఎండితే గట్టిగనే పడ్తది.

రాత్రి అరుగు మీద పక్కకు తిప్పి పండుకోబెట్టిన.
"ముసలవ్వ మంచం ఎటున్నదే?"
"నీ ఈపు దిక్కు."
"దొంగలు?"
"ఇంక పట్టుకొనే ఉన్నరు.
మూడోవాడు జర ఎనకకు చూస్తుండు."